వినిపించే గ్రంథం

పాఠ్యభాగ పరిచయం

ప్రస్తుత పాఠ్యభాగం వ్యాస ప్రక్రియకు చెందినది. చెవి కోసం రూపొందిన బౌద్ధ వాఙ్మయం, కాలినడకలో పుట్టిన యాత్రా రచన – ఈ రెండూ నేడు శ్రవ్య గ్రంథాలుగా వెలువడుతున్నాయి. వాటిని చదివి వినిపించేవారికి ఎదురయ్యే సమస్యలు ఏవి, వారు పాటించవలసిన ధర్మమేది అన్నది ఇందలి విషయం. వినడం, పలకడం, జ్ఞాపకముంచుకోవడం అనే మూడు పనుల నడుమ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

విద్యావంతుడైన వ్యక్తిని మన పెద్దలు ‘బహుశ్రుతుడు’ అన్నారు. ఎక్కువగా విన్నవాడు అని ఆ మాటకు అర్థం. వేదానికి ‘శ్రుతి’ అని పేరు. బుద్ధుని శిష్యుణ్ణి ‘శ్రావకుడు’ అన్నారు; అనగా వినేవాడు. చదువు కంటితో చేసే పని అని ఈనాడు మనం భావిస్తున్నాం. కాని చిరకాలం పాటు అది చెవితో సాగిన పని. పుస్తకాన్ని ఒకరు చదువుతుండగా యంత్రంలో భద్రపరచి, కోరినప్పుడు వినే ఏర్పాటునే నేడు శ్రవ్య గ్రంథం లేక ఆడియో పుస్తకం అంటున్నాం. యంత్రం కొత్తదే. ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషి చేసే పని మాత్రం ఎంతో ప్రాచీనమైనది. ఆ ప్రాచీనత ఎంతటిదో తెలియాలంటే బౌద్ధ వాఙ్మయ చరిత్రను ఒకసారి స్మరించుకోవాలి.

బుద్ధుడు ఏ గ్రంథాన్నీ రాయలేదు. నలభై ఐదు సంవత్సరాల పాటు ఊరూరా తిరుగుతూ బోధించాడు. ఆయన పరినిర్వాణం చెందిన కొద్ది నెలలకు మహాకాశ్యపుని అధ్యక్షతన ఐదువందల మంది భిక్షువులు రాజగృహంలో సమావేశమయ్యారని బౌద్ధ సంప్రదాయం చెబుతున్నది. అక్కడ ఆనందుడు బుద్ధుని ఉపదేశాలను, ఉపాలి భిక్షు నియమాలను జ్ఞాపకం నుంచి వినిపించారు. సభ వాటిని ఆమోదించింది. ఆ సమావేశాన్ని బౌద్ధులు ‘సంగీతి’ అన్నారు. కలిసి గానం చేయడం, కలిసి పలకడం అని దాని అర్థం. పాళీ భాషలోని సూత్రాలు నేటికీ తాను ఈ విధంగా విన్నానని చెప్పే మాటతోనే ఆరంభమవుతాయి. చెప్పేవాడు తనను కర్తగా చెప్పుకోడు. విన్నదానిని అందిస్తున్నానని మాత్రమే చెప్పుకుంటాడు.

ఆనాటి నుంచి కొన్ని శతాబ్దాల వరకు ఈ వాఙ్మయం భిక్షువుల కంఠాలలోనే నిలిచింది. ఒక్కరే సమస్తాన్నీ ధారణ చేయడం కష్టం కనుక వారు పనిని పంచుకున్నారు. 34 సూత్రాలు గల దీఘనికాయాన్ని కొందరు, 152 సూత్రాలు గల మజ్ఝిమనికాయాన్ని మరికొందరు కంఠస్థం చేశారు. వీరికి ‘భాణకులు’ అని పేరు. మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ స్తూపానికి దానాలు చేసినవారి శాసనాలలో భాణకుల పేర్లు కనిపిస్తాయి. మన నాగార్జునకొండలో ఇంకా విశేషమైన ఆధారం ఉన్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరంలో, అనగా క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో, ఆయన మేనత్త చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి స్తంభాలు ప్రతిష్ఠించింది. ఆ నిర్మాణాన్ని ముగింపునకు తెచ్చిన భదంతానందుణ్ణి శాసనం దీఘ, మజ్ఝిమ నికాయాలను ధరించినవాడని పేర్కొంటున్నది. ‘ధరించడం’ అంటే ఇక్కడ జ్ఞాపకంలో మోయడం. కృష్ణా తీరాన ఒక మనిషి రెండు మహాగ్రంథాలను తన కంఠంలో మోశాడని రాతి స్తంభం నేటికీ సాక్ష్యమిస్తున్నది.

కంఠంలో నిలిచిన గ్రంథానికి ప్రమాదం కూడా ఉన్నది. కంఠం ఆగితే గ్రంథం ఆగుతుంది. శ్రీలంకలో ఒకప్పుడు తీవ్రమైన కరవు సంభవించి, ఎందరో భిక్షువులు మరణించారు. అప్పుడు ‘మహానిద్దేసం’ అనే గ్రంథం ఒకే ఒక్క భిక్షువుకు జ్ఞాపకం మిగిలింది. ఆయన నడవడి మంచిది కాదు. అయినా గ్రంథం నశించరాదనే తలంపుతో సచ్ఛీలుడైన ఒక పెద్ద భిక్షువు, మొదట ఇష్టపడకపోయినా, చివరకు ఆయన వద్దనే దానిని నేర్చుకున్నాడని పాళీ వ్యాఖ్యానాలు చెబుతున్నాయి. గ్రంథం గళం కన్నా పెద్దది. ఈ కథ చెప్పే నీతి ఇదే. ఇటువంటి ఆపదలను దృష్టిలో ఉంచుకొని, క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దంలో వట్టగామణి అభయుని కాలంలో త్రిపిటకాలను తొలిసారిగా గ్రంథస్థం చేశారు. అది శ్రీలంకలోని అలువిహారలో జరిగిందని సంప్రదాయం. ఆ తరువాత తాళపత్రాలు కంఠాలకు తోడు నిలిచాయి.

లిపి వచ్చాక ధారణ అంతరించలేదు. బర్మాకు చెందిన మింగున్ సయాడో (1911–1993) త్రిపిటకాలను కంఠస్థం చేసి ‘త్రిపిటకధర’ అనే బిరుదు పొందాడు. 1954 మే నుంచి 1956 మే వరకు రంగూన్‌లో జరిగిన ఆరవ సంగీతిలో మహాసి సయాడో ప్రశ్నలు అడగగా, ఆయన సమాధానాలు చెప్పాడు. రాజగృహంలో ఆనందుడు, ఉపాలి ఇద్దరూ నిర్వహించిన బాధ్యతను ఇక్కడ ఈయన ఒక్కడే నిర్వహించాడు. పదహారు వేల పుటల బౌద్ధ గ్రంథాలను జ్ఞాపకం నుంచి అప్పగించినందుకు ఆయన పేరు గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కింది. నాగార్జునకొండ శాసనంలోని ‘ధర’ శబ్దమే ఈయన బిరుదులోనూ ఉండడం గమనింపదగినది.

ఇక యంత్రం సంగతి. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టాడు. మరుసటి సంవత్సరమే దానితో చేయదగిన పనులను వివరిస్తూ, చూపు లేనివారికి వినిపించే పుస్తకాలను వాటిలో చేర్చాడు. ఆ ఊహ కార్యరూపం దాల్చడానికి అర్ధశతాబ్దం పట్టింది. 1934లో అమెరికాలోను, 1935లో బ్రిటన్‌లోను ‘మాట్లాడే పుస్తకాలు’ గ్రామఫోను రికార్డులపై వెలువడ్డాయి. బ్రిటన్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల అవసరం ఈ ప్రయత్నానికి ఒక ప్రేరణ. ఒక్కొక్క రికార్డు ఒక వైపున అరగంట కన్నా తక్కువ సేపే పలికేది కనుక ఒక పుస్తకానికి ఎన్నో రికార్డులు కావలసి వచ్చేవి. తరువాత క్యాసెట్లు, సీడీలు, చివరకు చరవాణులు ఆ భారాన్ని తగ్గించాయి. 2005లో ప్రారంభమైన లిబ్రివాక్స్ అనే సంస్థ, కాపీహక్కు గడువు తీరిన పుస్తకాలను స్వచ్ఛంద పఠకుల చేత చదివించి ఉచితంగా అందిస్తున్నది. మాక్స్‌ముల్లర్ చేసిన ధమ్మపద ఆంగ్లానువాదం ఆ విధంగా గళరూపం పొందిన గ్రంథాలలో ఒకటి.

బౌద్ధ గ్రంథాన్ని చదివి వినిపించే పఠకునికి మొదట ఎదురయ్యేది పునరుక్తి. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు భావాలను అన్ని దిక్కులకూ వ్యాపింపజేయాలని బోధించే భాగం సూత్రాలలో తరచుగా వస్తుంది. అందులో ఒకే వర్ణన నాలుగుసార్లు వినిపిస్తుంది. మారేది ఆ భావం పేరు ఒక్కటే. మరికొన్ని చోట్ల ఒకే అర్థం గల పదాలు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చబడి ఉంటాయి. కంటితో చదివేవారికి ఇది విసుగు పుట్టించవచ్చు. వ్రాయసకాండ్రకు కూడా పుట్టించింది. అందుచేతనే వారు తాళపత్రాలలో మళ్లీ వచ్చే భాగాన్ని విడిచి, ఆ చోట ‘పే’ అనే అక్షరం రాశారు. ‘పేయ్యాలం’ అనే పాళీ మాటకు అది సంక్షిప్త రూపం. ఆధునిక అనువాదకులు ఆ స్థానంలో మూడు చుక్కలు పెట్టారు.

చెవికి మూడు చుక్కలు కనబడవు. కన్ను చుక్కలను చూసి వెనక్కి పోయి, పై పేరాను మళ్లీ చదువుకొని రాగలదు. చెవికి ఆ వెసులుబాటు తక్కువ. కాబట్టి పఠకుడు నిర్ణయించుకోవాలి: విడిచిన భాగాన్ని పూరించి పూర్తిగా చదవడమా, పైవిధంగానే అని చెప్పి ముందుకు సాగడమా? మొదటి పద్ధతిలో కాలం ఎక్కువ పడుతుంది. రెండవ పద్ధతిలో గ్రంథానికి ప్రాణమైన లయ పోతుంది. పూర్తిగా చదివితే వినేవారికి ఒక లాభం ఉన్నది. చుట్టూ ఉన్న మాటలన్నీ నిలకడగా ఉన్నప్పుడు మారిన ఒక్క మాట స్పష్టంగా వినబడుతుంది. మైత్రి తరువాత కరుణ వచ్చిన సంగతి ఎవరూ వివరించకుండానే మనసుకు పడుతుంది. పునరుక్తి ఆనాటి భిక్షువులకు జ్ఞాపకానికి సాయం. నేటి శ్రోతకు ధ్యానానికి సాయం. ఏ పద్ధతిని ఎంచుకున్నా, ఆ విషయాన్ని గ్రంథారంభంలోనే శ్రోతకు చెప్పడం పఠకుని విధి. చెప్పకుండా విడిచిపెట్టడం శ్రోతను మోసగించడమే అవుతుంది.

రెండవ సమస్య ఉచ్చారణ. పాళీ పదాలను రోమన్ లిపిలో చదివేవారు దీర్ఘాలను, ఒత్తులను సులభంగా జారవిడుస్తారు. తెలుగు లిపిలో ప్రత్యక్షరం స్పష్టంగా ఉంటుంది కనుక మనకు ఆ ఇబ్బంది తక్కువ. అయినా మన నాలుక ‘ధ’ను ‘ద’గా, ‘ఖ’ను ‘క’గా పలకడానికి అలవాటుపడినది. సంస్కృతంలో ‘ధర్మం’ అయినది పాళీలో ‘ధమ్మం’ అవుతుంది. సంస్కృతంలోని శ, ష, స అనే మూడింటికి పాళీలో ‘స’ ఒక్కటే నిలుస్తుంది. ఆయా దేశాల భిక్షువులు కూడా పాళీని ఒకే తీరున పలకరు. ‘స’కారం బర్మావారి నోట వేరొక ధ్వనిగా వినిపిస్తుంది. శ్రీలంకలో పదాంతంలోని సున్నను ముక్కుతో పలికే ‘ఙ’ లాగా ఉచ్చరిస్తారు. ఇన్ని సంప్రదాయాలలో ఇదొక్కటే సరియైనదని తీర్పు చెప్పడం పఠకుని పని కాదు. ఏదో ఒక పద్ధతిని ఎంచుకొని, మొదటి పుట నుంచి చివరి పుట వరకు దానిని విడవకుండా పాటించడం అతని పని. ఒకచోట ధర్మమని, మరొకచోట ధమ్మమని పలికితే అవి రెండు వేర్వేరు విషయాలని శ్రోత భ్రమపడతాడు. కంటికి అచ్చు ఉన్నది. చెవికి గళం తప్ప వేరే ఆధారం లేదు.

మూడవది స్వరం. మన హరికథకుడు పాట పాడి, పిట్టకథ చెప్పి, చిడతలు వాయించి కథను రక్తి కట్టిస్తాడు. పౌరాణికుడు పద్యం చదివి, అర్థం చెప్పి, లోకరీతిని జోడిస్తాడు. రెండూ గౌరవింపదగిన కళలే. శ్రవ్య గ్రంథ పఠకునికి మాత్రం ఒక్క మాటైనా చేర్చే అధికారం లేదు. మిళింద ప్రశ్నలలో యవనరాజు మిళిందుడు అడుగుతుంటే, నాగసేన భిక్షువు సమాధానం చెబుతుంటాడు. ఎవరు మాట్లాడుతున్నారో తెలియడానికి కొంచెం స్వరభేదం అవసరమే. కాని రాజు పలికినప్పుడల్లా గర్జించి, భిక్షువు పలికినప్పుడల్లా గొంతు తగ్గిస్తే, శ్రోత వాదాన్ని విడిచి నటనను వింటాడు. మధురగళం ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. తన గొంతు అందాన్ని శ్రోత మరచిపోయేటట్లు చదవగలిగిన రోజున పఠకుడు తన పనిలో కృతార్థుడవుతాడు.

ఇప్పుడు యాత్రా రచనల వైపు చూద్దాం. సూత్రానికి కర్త వెనుక నిలుస్తాడు. యాత్రా గ్రంథంలో ‘నేను’ ముందు నడుస్తుంది. చీనా యాత్రికుడు ఫాహియాన్ క్రీస్తుశకం 399లో బౌద్ధ నియమ గ్రంథాల కోసం బయలుదేరాడు. హ్యుయాన్‌త్సాంగ్ 629లో బయలుదేరి 645లో స్వదేశం చేరాడు. మరుసటి సంవత్సరం ఆయన అందించిన వివరాలను శిష్యుడు బియాన్‌జి గ్రంథంగా కూర్చాడు. ఆ గ్రంథంలో ఆంధ్రదేశం, ధాన్యకటకం ఉన్నాయి. వాటి పేర్లు చీనా లిపిలోకి వెళ్లి, అక్కడి నుంచి శామ్యూల్ బీల్ 1884లో ప్రకటించిన ఆంగ్లానువాదానికి వచ్చేసరికి ఆంధ్రం ‘అన్-త-లో’ అయినది. వేంగీపురం ‘పింగ్-కి-లో’ అయినది. తెలుగు పఠకుడు ఈ పేర్లను ఉన్నవి ఉన్నట్లు చదివితే, వేంగి గురించి వింటున్నామని వేంగి ప్రాంతం వారికే తెలియదు. పద్నాలుగు శతాబ్దాల కింద మన నేలపై నడిచిన మనిషి మాట మన చెవికి పరాయిగా మిగిలిపోతుంది. కనుక పేర్లను గుర్తించి, వాటి స్వస్థానంలో నిలపడం పఠకుని సిద్ధతలో ముఖ్యమైన భాగం. పుస్తకం తెరవడానికి ముందు పటం తెరవాలి.

తెలుగులో ఇందుకు గొప్ప ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరిన ఆయన 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారిపొడుగునా చూసినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు తెలియజేస్తూ వచ్చాడు. ఆ మిత్రుడే 1838లో గ్రంథాన్ని అచ్చువేయించాడు. అందులో దైవచింతన ఉన్నది. మజిలీల పేర్లు, రోడ్ల స్థితి, దొరికే సరుకులు కూడా ఉన్నాయి. ఒక మిత్రుడు మరొక మిత్రునికి చెబుతున్న మాటలుగా వాటిని చదవాలి. శాసనంలా చదివితే ప్రాణం పోతుంది. నాటకంలా చదివితే నమ్మకం పోతుంది. ఊళ్ల పేర్ల వరుస వచ్చినప్పుడు తొందరపడితే ప్రయాణం కుదించుకుపోతుంది. నడిచినవాడు పడిన శ్రమలో కొంతైనా వినేవాని చెవికి తెలియాలంటే పఠకుని వేగం అతని నడకను అనుసరించాలి.

ఆధునిక కాలంలో ఇటువంటి రచనలకు పీటర్ మాథీసన్ రచించిన ‘మంచు చిరుత’ మంచి నిదర్శనం. 1973లో ఆయన జీవశాస్త్రవేత్త జార్జి షాలర్‌తో కలిసి నేపాలులోని దోల్పో ప్రాంతానికి నడిచి వెళ్లాడు. అంతకుముందే ఆయన భార్య మరణించింది. ఆయన జెన్ బౌద్ధ సాధకుడు. 1978లో వెలువడిన ఆ పుస్తకం దినచర్య రూపంలో సాగుతుంది. పేరులో ఉన్న మంచు చిరుత ఆయనకు యాత్రలో ఎక్కడా కనబడదు. ఈ సంగతి ముందే తెలిసిన పఠకుడు మొదటి పుటలలోనే నిరాశ ధ్వనింపజేయరాదు. చివరి పుటలలో దుఃఖాన్ని ఒలకబోయరాదు. ఏ రోజు మాటను ఆ రోజు మాటగానే చదవాలి. రేపు ఏమి జరుగుతుందో దారిన నడిచేవానికి తెలియదు. ఆ తెలియనితనాన్ని కాపాడడమే యాత్రా రచనను చదవడంలోని కౌశలం. సూత్ర పఠనంలో గళం పక్కకు తొలగి నిలుస్తుంది. యాత్రా పఠనంలో గళం రచయితతో పాటు నడుస్తుంది. రెండింటిలోనూ గళం ముందుకు పరుగెత్తకూడదు.

ఆచరణలో ఈ పని ఎంతో ఓపికను కోరుతుంది. ఆంగ్ల శ్రవ్య గ్రంథాలలో నిమిషానికి సుమారు 150 పదాల వేగం సాధారణం. ఆ లెక్కన అరవై వేల పదాల పుస్తకం ఆరు గంటల నలభై నిమిషాలు నడుస్తుంది. తెలుగు పదాలు విభక్తులతో కలిసి పొడవుగా ఉంటాయి కనుక ఆ లెక్క మనకు యథాతథంగా పనికిరాదు. పఠకుడు మొదట పుస్తకమంతా మౌనంగా చదివి, కఠిన పదాలను, పేర్లను గుర్తించుకుంటాడు. గదిలో ఫ్యాను ఆపుతాడు. గలగలలాడే బట్టలు, గాజులు లేకుండా చూసుకుంటాడు. ‘ప’, ‘భ’ వంటి అక్షరాల వద్ద ఊపిరి నేరుగా మైకుకు తగలకుండా కాస్త పక్కగా కూర్చుంటాడు. తప్పు వస్తే ఆ మాట వద్ద అతుకు వేయకుండా వాక్యాన్ని మొదటి నుంచి చదువుతాడు. గాథకు, గాథకు నడుమ మౌనం ఉంచుతాడు. ధమ్మపదంలో 423 గాథలున్నాయి. ఒకదానిపై మరొకటి తోసుకువస్తే ఏదీ మనసులో నిలవదు. ఆ మౌనం మరీ దీర్ఘమైతే యంత్రం ఆగిపోయిందని శ్రోత కంగారుపడతాడు. ఎంతసేపు ఆగాలో తెలియడం కూడా చదవడంలో భాగమే.

ఇంత శ్రమ ఎవరి కోసం అన్న ప్రశ్నకు సమాధానం దూరాన లేదు. దృష్టిలోపం గల విద్యార్థికి గ్రంథాలయంలోని వేల పుస్తకాలు మూసిన తలుపులే. 2013లో మరాకేష్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, అటువంటివారి కోసం పుస్తకాలను వారికి అనువైన రూపంలోకి మార్చడానికి కాపీహక్కు అడ్డురాకూడదని నిర్దేశించింది. 2014లో దానిని అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం మనదే. మన కాపీహక్కు చట్టంలో 2012లోనే ఇందుకు తగిన సవరణ జరిగింది. చట్టం తలుపు తాళం తీసింది. తలుపు తెరవడానికి మాత్రం పలికే మనిషి కావాలి. చూపు మందగించిన వృద్ధులు, చదువు అబ్బని శ్రమజీవులు కూడా ఆ తలుపు వద్దనే నిలబడి ఉన్నారు.

శ్రవ్య గ్రంథానికి హద్దులు లేకపోలేదు. టిబెట్ బౌద్ధంలో గురువు గ్రంథాన్ని ఆసాంతం చదువుతుండగా శిష్యుడు వినడం ఒక దీక్షా విధానం. దానిని వారు ‘లుంగ్’ అంటారు. అక్కడ గురుశిష్యులు ఎదురెదురుగా ఉండడానికి ప్రాధాన్యం ఉన్నది. భద్రపరచిన గళం గ్రంథాన్ని వినిపించగలదు గాని సందేహం తీర్చలేదు. నేడు మనిషి లేకుండానే కంప్యూటరు గళాలు పుస్తకాలను చదువుతున్నాయి. ఎవరూ చదవని పుస్తకాన్ని అవి చదివి వినిపిస్తే దృష్టిలోపం గలవారికి అది మేలే. అయితే చదివేవాడు చదువుతూ అర్థం చేసుకుంటాడు, అర్థమైన చోట ఊపిరి తీసుకుంటాడు. ఆ గ్రంథం వల్ల మొదట మారేది అతడే. కంఠస్థం చేసిన భాణకుడు పొందిన ఫలంలో ఒక భాగం పలికే పఠకునికి కూడా దక్కుతుంది.

కనుక మీ ఇంటిలో చూపు ఆనని పెద్దలుంటే, రోజుకు రెండు పుటలు చదివి వినిపించండి. ఏ పుస్తకమైనా సరే. స్పష్టంగా, నిదానంగా, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట విడవకుండా చదవండి. వారు మధ్యలో ఆపి అడిగితే ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. నాగార్జునకొండ స్తంభంపై పేరు నిలిచిన భదంతానందుడు చేసిన పని కూడా ఆ కోవకు చెందినదే.

కఠిన పదాలు – అర్థాలు

వాఙ్మయం = సాహిత్యం
ధారణ = జ్ఞాపకంలో నిలుపుకోవడం
భాణకుడు = బౌద్ధ సూత్రాలను కంఠస్థం చేసి వినిపించే భిక్షువు
భదంతుడు = పూజ్యుడైన బౌద్ధ భిక్షువు
సచ్ఛీలుడు = మంచి నడవడి గలవాడు
పునరుక్తి = చెప్పినదే మళ్లీ చెప్పడం
వ్రాయసకాడు = గ్రంథాన్ని చూసి నకలు రాసేవాడు
ముదిత = ఇతరుల సంతోషానికి సంతోషించడం
ఉపేక్ష = (ఇక్కడ) సుఖదుఃఖాలలో సమభావం
గాథ = పద్యం
కృతార్థుడు = తలపెట్టిన పనిని నెరవేర్చినవాడు
ఆసాంతం = మొదటి నుంచి చివరి వరకు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బౌద్ధ వాఙ్మయం కంఠస్థ సంప్రదాయంలో నిలిచిన తీరును వివరించండి.
2. బౌద్ధ గ్రంథాలను శ్రవ్య గ్రంథాలుగా చదివేవారికి ఎదురయ్యే మూడు సమస్యలను పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.
3. సూత్ర పఠనానికి, యాత్రా రచనా పఠనానికి గల భేదాలను సోదాహరణంగా తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ‘పే’ అనే అక్షరాన్ని వ్రాయసకాండ్రు ఎందుకు ఉపయోగించారు?
2. ‘మహానిద్దేసం’ గ్రంథాన్ని కాపాడిన కథ ఏమిటి?
3. హరికథకునికి, శ్రవ్య గ్రంథ పఠకునికి గల తేడా ఏమిటి?
4. మరాకేష్ ఒప్పందం వల్ల కలిగిన మేలును తెలపండి.

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘సంగీతి’ అనే మాటకు అర్థమేమిటి?
2. నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు ప్రతిష్ఠించినది ఎవరు?
3. ‘త్రిపిటకధర’ బిరుదు పొందిన బర్మా భిక్షువు ఎవరు?
4. కాశీయాత్ర చరిత్ర ఏ సంవత్సరంలో అచ్చయింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. గ్రంథం గళం కన్నా పెద్దది.
2. చెవికి మూడు చుక్కలు కనబడవు.
3. కంటికి అచ్చు ఉన్నది. చెవికి గళం తప్ప వేరే ఆధారం లేదు.
4. పుస్తకం తెరవడానికి ముందు పటం తెరవాలి.

V. సంధులు
1. గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
2. ప్రత్యక్షరం = ప్రతి + అక్షరం – యణాదేశ సంధి
3. సచ్ఛీలుడు = సత్ + శీలుడు – శ్చుత్వ సంధి
4. వాఙ్మయం = వాక్ + మయం – అనునాసిక సంధి

VI. సమాసాలు
1. త్రిపిటకాలు – మూడైన పిటకాలు – ద్విగు సమాసం
2. గురుశిష్యులు – గురువును, శిష్యుడును – ద్వంద్వ సమాసం
3. మధురగళం – మధురమైన గళం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
4. తాళపత్రాలు – తాళము యొక్క పత్రాలు – షష్ఠీ తత్పురుష సమాసం

VII. భాషాకృత్యం
మీకు నచ్చిన తెలుగు యాత్రా రచన నుంచి ఒక పుటను తరగతిలో చదివి వినిపించండి. వినినవారు పుస్తకం చూడకుండా అందులోని ఊళ్ల పేర్లను, విషయాలను రాయాలి. వారు రాసినదానిని మూలంతో పోల్చి, తేడా వచ్చిన చోట అది చదవడంలోని లోపమో, వినడంలోని లోపమో చర్చించండి.